దంత వైద్య సలహాలు: నిద్రలో పళ్ళు కొరుకుతుంటే

ప్రశ్న: నా వయసు 36 సంవత్సరాలు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా కాల్స్ ముగించి పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నేను నిద్రలో గురక పెడుతున్నానని, పళ్ళు పటపట కొరుకుతున్నానని నా భార్య రెండేళ్ళుగా చెబుతోంది. పొద్దున లేవగానే కణతలు నొప్పిగా, దవడ బిగుసుకుపోయినట్టుగా ఉంటాయి. చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. ఈ మధ్య ఒక పన్ను అంచు కూడా విరిగింది. ఒక డాక్టరు నైట్‌గార్డ్, అంటే నిద్రలో పళ్ళకు పెట్టుకునే తొడుగు, పెట్టుకోమన్నారు. మరొకరు పై పళ్ళు, కింది పళ్ళు సరిగా కలవడం లేదు కాబట్టి కొన్నింటిని అరగదీయాలన్నారు. ఊళ్ళో ఉన్న అమ్మ నులిపురుగుల మాత్ర వేసుకోమంటోంది. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

సమాధానం: మొదటి డాక్టరు చెప్పింది సరైనదే, కాని అంతకంటే ముందు మీ గురక సంగతి తేల్చుకోవాలి. పళ్ళు అరగదీయించుకోవడానికి మాత్రం ఒప్పుకోకండి. పళ్ళు సరిగా కలవకపోవడం వల్లే ఈ అలవాటు వస్తుందని దంతవైద్యులు ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. నిద్రను యంత్రాలతో రాత్రంతా నమోదు చేసి చూడడం మొదలయ్యాక ఆ నమ్మకం నిలబడలేదు. నిద్ర మధ్యలో మెదడు మనకు తెలియకుండానే కొన్ని క్షణాలు మెలకువ అంచుకు వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు లయబద్ధంగా బిగుసుకుంటాయి. ఇదంతా మెదడు నడిపించే వ్యవహారం కనుక పళ్ళను చెక్కినంత మాత్రాన ఆగదు. పైగా పంటి పైపొర అయిన ఎనామిల్ ఒకసారి పోతే మళ్ళీ పెరగదు.

శరీరంలో ఎనామిల్ కన్నా గట్టి పదార్థం మరొకటి లేదు. అయినా ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి రాసుకుంటే అదీ అరిగి, కింద ఉన్న డెంటిన్ అనే పొర బయటపడుతుంది. మీ పళ్ళు జివ్వుమనడానికి ఇదే కారణం కావచ్చు. అలవాటు ఇలాగే సాగితే పళ్ళలో సన్నని పగుళ్ళు వస్తాయి, ఫిల్లింగులు, క్యాపులు ఊడిపోతాయి, పగులు లోపలి నరం దాకా దిగితే రూట్ కెనాల్ చేయించుకోవలసి వస్తుంది. కణతల నొప్పి దవడను బిగించే కండరాల అలసట వల్ల వచ్చేది. కొందరిలో ఆ కండరాలు పెరిగి ముఖం చతురస్రంగా మారుతుంది, నోరు తెరిచినప్పుడు చెవి ముందు ఉన్న కీలు టక్కుమంటుంది.

గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటే, అంటే స్లీప్ ఆప్నియా ఉంటే, పళ్ళు కొరకడం దానితో కలిసి కనిపించవచ్చు. అటువంటి వారిలో కొందరికి పై దవడకు పెట్టే గార్డు వల్ల శ్వాస ఇబ్బంది పెరిగే అవకాశం ఉంది. అందువల్ల ముందు నిద్ర పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత గార్డు సంగతి చూడండి. నిద్రలో మీ ఊపిరి ఆగినట్టు ఆమెకు అనిపిస్తోందా అని మీ భార్యను అడగండి. పగలు కునుకుపాట్లు పడుతున్నారేమో మీరే గమనించుకోండి.

గార్డు కొరకడాన్ని మాన్పించదు, ఆ అరుగుదలను పళ్ళకు బదులు తాను భరిస్తుంది. దంతవైద్యుడు మీ పళ్ళ అచ్చు తీసి, గట్టి యాక్రిలిక్‌తో చేయించినదే మేలు. దుకాణాల్లో దొరికే, వేడి నీటిలో ముంచి కొరికి పెట్టుకునే మెత్తనివి త్వరగా చిరిగిపోతాయి; వాటిని నమలడం ఇంకా ఎక్కువయ్యేవారూ ఉన్నారు. గార్డును చల్లటి నీటితోనే కడగండి, వేడి తగిలితే వంకర పోతుంది. ఖర్చు భారమనుకుంటే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో అడిగి చూడవచ్చు.

ఇక మీ చేతిలో ఉన్న పనులు. కాల్స్ కోసం రాత్రి తాగే కాఫీ మానండి; అందులోని కెఫీన్‌లో సగం సుమారు 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. మద్యం, పొగ కూడా ఈ అలవాటును పెంచుతాయి. డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులతో కొందరిలో ఇది మొదలవుతుంది. మీరు అవి వాడుతుంటే సొంతంగా ఆపకుండా, రాసిచ్చిన వైద్యుడితో మాట్లాడండి. లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు పళ్ళు బిగించే అలవాటు చాలామందికి ఉంటుంది, కాని తెలియదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, 'న' అన్నప్పుడు నాలుక కొన ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉండాలి. బొటాక్స్ ఇంజెక్షన్లు కండరం బలాన్ని తగ్గిస్తాయి నిజమే. కాని ఆ ప్రభావం 3, 4 నెలలకు పోతుంది, కొందరికి నమలడం కష్టమవుతుంది. మొదటే వాటి జోలికి వెళ్ళకండి.

అమ్మగారి మాత్రకూ ఈ సమస్యకూ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాలు లేవు.

ప్రశ్న: మా ఐదేళ్ళ పాప రాత్రిళ్ళు పక్క గదిలోకి వినిపించేంతగా పళ్ళు కొరుకుతోంది. గార్డు పెట్టించాలా?
- ఒక తల్లి, కె.ఆర్.పురం

సమాధానం: అక్కర్లేదు. చిన్నపిల్లల్లో ఇది చాలా మామూలు. ఎక్కువమందిలో పెద్దవుతున్నకొద్దీ తగ్గిపోతుంది. ఎదిగే దవడకు బిగువైన గార్డు సాధారణంగా పెట్టరు. నులిపురుగుల సందేహం ఉంటే, జాతీయ నులిపురుగుల నివారణ దినం సందర్భంగా బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే అల్బెండజోల్ మాత్ర వేయించండి, కాని దానితో కొరకడం ఆగుతుందని ఆశ పెట్టుకోకండి. పాప నోటితో ఊపిరి తీస్తున్నా, గురక పెడుతున్నా గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచాయేమో చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి.