తెలుగు, చరిత్ర కలిపి చెప్పాలంటే కురిక్యాల గుట్ట ఎక్కండి

"హైస్కూల్లో తెలుగు పాఠాలను చరిత్రతో కలిపి చెబితే పిల్లలకు లాభమేనా, లేక సిలబస్ వెనకబడుతుందా?" అని అడిగారు.

లాభమే. అసలు ఈ రెండింటినీ విడదీసి చెప్పడం వల్లే నష్టం జరుగుతోంది. నేను కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. నిజాం రాజ్యంలో జరిగిన పోరాటం ఎనిమిదో తరగతి సోషల్‌లో వస్తుంది, దాశరథి పద్యాలు పదో తరగతి తెలుగులో వస్తాయి. మధ్యలో రెండేళ్లు. ఆ పద్యంలో అంత కోపం ఎందుకుందో పిల్లవాడికి ఎట్లా తెలియాలి? నిజామాబాద్ జైలు గోడ మీద ఆయన బొగ్గుతో పద్యాలు రాశాడని చెప్పి చూడండి, చివరి బెంచీ కూడా తలెత్తుతుంది. అదే కవి పరిచయం అని పుట్టిన ఊరు, బిరుదులు, రచనలు బట్టీ పట్టిస్తే ఆవలింతలు తప్ప ఏమీ రావు. ఆ నాలుగు వరుసల పరిచయాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నేళ్ల కింద మా సోషల్ మేడమ్, నేను కలిసి తొమ్మిదో తరగతి పిల్లలను గంగాధర మండలం కురిక్యాల దగ్గరున్న బొమ్మలగుట్టకు తీసుకుపోయాం. పర్మిషన్ కోసం నెల రోజులు తిరిగాను. "టూర్ అంటే హైదరాబాద్ పోవాలి గానీ గుట్టకెందుకు?" అన్నారు పైవాళ్లు. సరే, ఆ సంగతి వదిలేయండి.

ఆ గుట్ట బండ మీద చక్రేశ్వరి అనే జైన దేవత, జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి. వాటి కింద శాసనం. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించింది. ఈయన కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. పంపడు మన వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు. ఒకే శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో ఉన్నవి మూడు కంద పద్యాలు.

పాత లిపి కాబట్టి పిల్లలు చదవలేరు. అందుకే పద్యాలను చార్టు మీద రాసి పట్టుకుపోయాను. ఒకమ్మాయి అక్కడే బండ మీద కూర్చుని, చిటికెలు వేసి మాత్రలు లెక్కపెట్టుకుంటూ గణవిభజన చేసింది. మొదటి పాదంలో మూడు గణాలు, రెండో పాదంలో ఐదు, ప్రాస కుదిరింది. క్లాసులో చాక్‌పీసుతో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కింది.

అప్పుడు పక్క ఊరి పిల్లవాడొకడు లేచాడు. వాళ్ల తాత మేకలు మేపింది ఆ గుట్ట కిందనే. "సార్, నన్నయ ఆదికవి అని చెప్పిన్రు కదా. నన్నయ ఉన్నది పదకొండో శతాబ్దంల. మరి ఈయన అంతకన్నా ముందే రాసిండు కదా!"

నేను నోరు తెరిచేలోపే మేడమ్ అందుకుంది. "నన్నయకన్నా ముందే ఇది రాశారని నీకెట్లా తెలుసు?" అని ఎదురడిగింది. ఇక చూడాలి! రాజు పేరుంది అని ఒకరు, అక్షరాల తీరు చూసి చెప్పొచ్చని ఇంకొకరు. అద్దంకిలో పండరంగడి శాసనం 848లోనే వేశారని, అందులో తరువోజ అనే ఛందస్సులో పద్యం ఉందని మేడమ్ చెప్పింది. నన్నయది మొదటి కావ్యం, పద్యం మాత్రం అంతకుముందు నుంచే ఉందని నేను చెప్పాను. "ఇంత బాగ రాసిండంటే ఈయనకు కూడా ఎవరో నేర్పే ఉంటరు" అన్నాడు వాడు. పరిశోధకులు చేసే ఊహ అది. తొమ్మిదో తరగతి పిల్లవాడు బండ దగ్గర నిలబడి చేశాడు.

కన్నడ కవి ఇంటివాడు ఇక్కడ తెలుగులో ఎందుకు రాయించాడని ఇంకో అమ్మాయి అడిగింది. ఆస్థానంలో కన్నడం నడిచినా చుట్టుపక్కల జనం మాట్లాడింది తెలుగే కాబట్టి, అని నా సమాధానం. ఇది తెలుగు పాఠమా, చరిత్ర పాఠమా? మీరే చెప్పండి. ఇదే శాసనంలో జినవల్లభుడు తవ్వించిన చెరువు ప్రస్తావన ఉంది. దానికి తన అన్న పంపడి బిరుదైన 'కవితాగుణార్ణవ' పేరే పెట్టాడు. చెరువుకు కవి బిరుదు పెట్టుకున్న నేల ఇది. దీని గురించి మన పిల్లలకు ఒక్క పేరా కూడా చెప్పకపోవడం అన్యాయం. పైగా మా జిల్లాలో గ్రానైట్ క్వారీలు గుట్టల మీద గుట్టలు కోసేస్తున్నాయి. పిల్లలకు గుట్ట విలువ తెలియకపోతే రేపు దాని కోసం అడిగేది ఎవరు?

వరంగల్ వైపు వాళ్లకైతే ఇంకా సులువు. ద్విపద కవి పాల్కురికి సోమన ఊరైన పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ భూమి కోసం కొట్లాడింది. పోతన ఊరు బమ్మెర అక్కడికి దగ్గరే. ఒక్క రోజు తిరిగితే మూడు పాఠాలు అయిపోతాయి.

సిలబస్ సంగతి అడిగారు. ఏమీ వెనకబడదు. ఆ బ్యాచ్ పిల్లలు ఛందస్సు ఇప్పటికీ మరచిపోలేదని రాసిస్తాను. సిలబస్‌ను తినేది స్పెషల్ క్లాసులు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మాకు వేసే బయటి డ్యూటీలు.

మొదలు తెలుగు టీచరే పెట్టాలని నా అభిప్రాయం. పద్యం ముందు వినిపిస్తే చరిత్ర పిల్లలే అడుగుతారు. జూన్‌లోనే సోషల్ వాళ్లతో కూర్చుని రెండు పుస్తకాల విషయసూచికలు పక్కపక్కన పెట్టుకోండి, ఏది దేనితో కలుస్తుందో గంటలో తేలుతుంది. బొమ్మలగుట్టకు వెళ్తే మాత్రం చలికాలంలో, పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితేనే అక్షరాలు బాగా కనిపిస్తాయి. నీళ్లు మీరే పట్టుకుపోవాలి.