నెమలి గుడ్లు వద్దు, గిన్నీ కోళ్లయితే చేత్తో పెంచుకోవచ్చు

కొండపల్లి అడవి పక్క పొలంలో నెమలి గుడ్లు దొరికాయి, నాటుకోడి కింద పొదిగేసి పిల్లల్ని మచ్చిక చేసుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. గుడ్లు తీయడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ‘చంపలేదు, పెంచుకుంటున్నాం’ అన్న మాట అక్కడ చెల్లదు. గుడ్లు ఉన్నచోటే ఉండనివ్వండి. ఇప్పటికే ఇంటికి తెచ్చి ఉంటే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేసి అప్పగించండి.

పిలిస్తే పరుగెత్తుకొచ్చే పక్షి కావాలంటే గిన్నీ కోళ్లు (గినియా ఫౌల్) పెంచండి. రాత్రికి ఎత్తున కొమ్మెక్కడం, కొత్త మనిషినో పామునో చూసి అరిచి గోల చేయడం అచ్చం నెమలి లాగే. ఆ గోల పక్కింటివాళ్లు భరించలేరు కాబట్టి అపార్ట్‌మెంట్లో పెట్టుకోవద్దు. ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అని మూడు రకాలు తయారుచేసింది. ఈకల నిండా చుక్కలున్నది కావాలంటే కాదంబరి.

గుడ్లు పొదగడానికి 26 నుంచి 28 రోజులు. నాటుకోడి కింద పెడితే కోడిగుడ్లు కలపొద్దు. అవి 21వ రోజే పిల్లలవుతాయి, పెట్ట వాటిని తీసుకుని లేచిపోతుంది, మిగతావి చల్లబడి పాడవుతాయి.

పిల్లల్ని అట్టతో గుండ్రంగా కట్టిన దడిలో వేయండి. మూలలుంటే గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి: బల్బు కింద ముద్దగా చేరితే చలి, దడి అంచుకు పోయి నోళ్లు తెరిస్తే వేడి. మన మే నెలలో పగలు బల్బు అక్కరే ఉండదు.

కింద పేపరు పరవొద్దు. జారి కాళ్లు రెండు పక్కలకూ చీలిపోయి నిలబడలేవు, అలా వారం నడిస్తే ఇక కుదురుకోవు. మొదటి నాలుగు రోజులు గోనె పట్టా వేసి, మేత తినడం వచ్చాక ఊకకు మారండి. ముందే ఊక వేస్తే దాన్నే ఏరుకు తింటాయి. కాలు చీలినట్టు కనిపించిన రోజే రెండు కాళ్లకూ బ్యాండేజ్ టేపుతో, మామూలుగా నిలబడేంత ఎడంలో ముడివేసి మూడు నాలుగు రోజులు ఉంచితే చాలావరకు సరవుతుంది. నీళ్లగిన్నెలో గోళీలో గులకరాళ్లో వేయాలి, లేకపోతే అందులో పడి మునుగుతాయి.

ఎక్కువ పిల్లలు పోయేది మేత దగ్గర. నూకలు, తౌడు పెడితే సరిపోదు. మొదటి ఐదు వారాలు 24 శాతం మాంసకృత్తులుండాలి. బ్రాయిలర్ కోడిపిల్లలకు మొదట్లో పెట్టే ప్రీ-స్టార్టర్ మేత దగ్గరగా సరిపోతుంది కానీ సంచి మీద మందుల పేర్లు చదవండి. రక్తవిరేచనాలు రాకుండా కలిపే మోనెన్సిన్ నాటుకోడికి మందు, గిన్నీకి విషం. రాణీఖేత్ (కొక్కెర తెగులు) టీకా లాసోటా 5–7 రోజుల వయసులో కంట్లో చుక్క వేయించండి.

మచ్చికకు మొదటి రెండు వారాలే కీలకం. రోజుకు మూడుసార్లు దడిలో చెయ్యి పెట్టి, కదపకుండా అరచేతిలో కొర్రలు చూపించండి. ప్రతిసారీ ఒకటే ఈల. పైనుంచి చెయ్యి దించితే గద్ద అనుకుని బెదురుతాయి, పక్కనుంచి తీసుకురండి. కాలు పట్టి ఎత్తొద్దు, సులువుగా విరుగుతుంది. రెక్కలతో సహా ఒంటిని పట్టుకోవాలి. ఒంటరి పిల్ల బతికినా బెంగతో అరుస్తూనే ఉంటుంది, కనీసం నాలుగు ఉండాలి.

ఎనిమిది వారాల దాకా గూట్లోనే ఉంచండి, అరంగుళం కన్నాల జాలీ కొట్టి. పందికొక్కులు, ముంగిసలు దూరకుండా. మంచు తడి గడ్డిలోకి ముందే వదిలితే పిల్లలు తడిసి చస్తాయి. మొదట రెండింటినే సాయంత్రం మేతకు గంట ముందు వదలండి. లోపలున్నవి అరుస్తుంటే బయటివి దూరం పోవు, ఈల వేస్తే గూటికి చేరతాయి.