చిత్రకారులే నడిపిన గ్యాలరీ: రాజమండ్రి సంగతి

చిన్న ఊళ్ళో చిత్రకారులే కలిసి గ్యాలరీ పెట్టి నడిపిన చరిత్ర మనకుందా అని అడిగారు. మీ మిత్రులు కూడా ఒకటి పెట్టే ఆలోచనలో ఉన్నారన్నారు. చరిత్ర ఉంది, దగ్గర దగ్గర వందేళ్ళది. రాజమండ్రి గోదావరి గట్టు రోడ్డు మీదున్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. రామారావు ఆ ఊరి చిత్రకారుడే. ఇవాళ అది ప్రభుత్వానిది. దాని వెనకాల ఉన్నది మాత్రం ఒక స్నేహితుల గుంపు.

నేను హైస్కూల్లో ఉండగా లోయర్ డ్రాయింగు పరీక్షకి కట్టాను. మా డ్రాయింగు మాస్టారు ఫ్రీహ్యాండు గీయించి గీయించి విసుగెత్తి, "ఒరేయ్, ముందు రామారావుగారి గీత చూసి రండి, తర్వాత పెన్సిలు పట్టుకోండి" అని తోలేసేవారు. గ్యాలరీకి వెళ్ళి ఆయన వేసిన 'పుష్పాలంకరణ' ముందు నిలబడేవాళ్ళం. ఆడవాళ్ళు పూలతో సింగారించే బొమ్మ, నీటిరంగులు. రంగులకంటే ముందు నన్ను పట్టుకున్నది గీతే. భుజం దగ్గర మొదలైంది మోచేతి దాకా తడబడకుండా వస్తుంది. ఒళ్ళు మడతపడే చోట కాస్త బరువెక్కుతుంది, మళ్ళీ వెంట్రుకంత సన్నబడుతుంది. అదే గీత నేను గీస్తే గొంగళిపురుగు పాకినట్టు వచ్చేది.

ఆ గీత ఎక్కడిదో చెబితే సగం చరిత్ర చెప్పినట్టే. రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. అప్పట్లో అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర. ఆయన స్వయంగా నీటిరంగులు వేసేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు లాంటి కుర్రాళ్ళని చేరదీసింది కూడా ఆయనే. రామారావు చెయ్యి చూసి, 1916లో బొంబాయి జె.జె. స్కూలు ఆఫ్ ఆర్ట్‌లో చేరేలా చేశాడు. అక్కడ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని శరీరాన్ని గీయడం నేర్పుతారు. ఆ చదువు మీద అజంతా గుహల గోడబొమ్మల పొందిక వచ్చి చేరింది. అదే కాలంలో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది, అక్కడ ప్రమోద్ కుమార్ ఛటర్జీ రంగును కడిగి కడిగి మెత్తగా వేసే బెంగాలు పద్ధతి నేర్పేవారు. రాజమండ్రి వాళ్ళ దారి వేరు. మన దగ్గర రెండు ఊళ్ళలో రెండు దారులు ఒకేసారి నడిచాయని పెద్దగా ఎవరూ చెప్పుకోరు, అదేమిటో!

చదువయ్యాక రామారావు బొంబాయిలో ఉండిపోలేదు, సొంతూరికి తిరిగొచ్చారు. 1920ల మొదట్లో మిత్రులతో కలిసి చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయారు. అప్పటికి 28 కూడా నిండలేదు.

ఎవరు రాసినా కథ ఇక్కడే ముగిస్తారు. నా మటుకు అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని మూతపడనివ్వలేదు. తను బొమ్మలు వేస్తూ, పిల్లలకు నేర్పుతూ, పోయినవాడి బొమ్మలు ఒకచోట ఉండేలా చూశారు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆ రోజుల్లో ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు కుంచె పట్టడం మామూలు విషయమా? వీళ్ళంతా తలా ఒక వైపుకి బొమ్మలు పంచుకుపోయి ఉంటే ఇవాళ మనకి చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు. తర్వాతెప్పుడో ఆ గ్యాలరీని ప్రభుత్వం తీసుకుంది. గ్యాలరీ పేరు పక్కన చిత్రకళా పాఠశాల అన్న మాట కూడా ఉండటానికి కారణం ఈ చరిత్రే.

మీరు గ్యాలరీ పెట్టాలనుకుంటున్నారు కాబట్టి దీంట్లో నాకు కనబడేది చెబుతాను. ఒట్టి గోడలకి బొమ్మలు తగిలిస్తే చిన్న ఊళ్ళో నెలకోసారి కూడా మనిషి రాడు. డ్రాయింగు క్లాసులు ఉంటే రోజూ తలుపు తెరవాల్సిందే. పిల్లలొస్తారు, వాళ్ళ వెనక అమ్మానాన్నలొస్తారు, ఫీజుతో కరెంటు బిల్లు వెళ్ళిపోతుంది. మా మాస్టారిలాంటి వాళ్ళకి రామారావుగారు పుస్తకంలో పేరు కాదు, పిల్లల్ని పంపి చూపించగలిగే బొమ్మ. బడి ఆనుకుని ఉండబట్టే అది కుదిరిందని నా నమ్మకం.

నీటిరంగుల బొమ్మలుంటే ఒక జాగ్రత్త. కాగితం మీది రంగు వెలుతురుకి ఒకసారి వెలిసిపోతే మళ్ళీ రాదు. మ్యూజియంల వాళ్ళు వాటి మీద 50 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు పడనివ్వరు, అంటే చాలా మసక వెలుతురు. ప్రారంభోత్సవం ఫోటోలు బాగా రావాలని పెద్ద ఫోకస్ లైట్లు బిగించి, వాటిని అలాగే వదిలేసే అలవాటు మనవాళ్ళకి ఉంది. అది వద్దు. నది ఒడ్డున గానీ సముద్రం దగ్గర గానీ అయితే ఫ్రేమును గోడకి ఆనించకుండా వెనక కాస్త గాలి ఆడేలా తగిలించండి, లేకపోతే బూజు పడుతుంది.

ఇంకొకటి, టెన్షన్ పెట్టే విషయమే అయినా మొదట్లోనే తేల్చుకోండి: బొమ్మలు ఎవరివి? ఆంధ్రలో అయితే 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి రిజిస్టర్ చేయించుకోవచ్చు. చిత్రకారుడు బొమ్మ ఇచ్చేటప్పుడే అది సొసైటీకి ఇచ్చేశాడా, ప్రదర్శనకి అరువిచ్చాడా అన్నది కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. వెంకటరత్నంగారిలాంటి మిత్రుడు అందరికీ దొరకడు.