మలుపు దగ్గర లీష్ లాగకు

చి. అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

నీ కుక్క బ్రూనో తిన్నగా నడిచినంతసేపూ బుద్ధిగానే ఉంటాడనీ, ఎడమకు తిరిగితే నీ మోకాలికి అడ్డం పడుతున్నాడనీ, కుడికి తిరిగితే వెనకబడుతున్నాడనీ ఫోన్లో చెప్పావు. అది మొండితనం కాదు తల్లీ. వాడు నీ ఎడమ పక్కన నడుస్తాడు కాబట్టి ఎడమ మలుపులో లోపలి వైపు ఉంటాడు. వేగం తగ్గించి, వెనక కాళ్లు పక్కకు జరుపుకోవాలి. కుడి మలుపులో బయటి వైపు ఉంటాడు, నీకంటే ఎక్కువ దూరం నడవాలి, అంటే అడుగు పెంచాలి. నువ్వు ‘హీల్’ (నా పక్కనే నడు) అని ఒక్క మాటే అంటున్నావు, వాడు చేయాల్సినవి రెండు వేర్వేరు పనులు. విడివిడిగా నేర్పు.

కష్టమంతా ఎడమ మలుపులోనే ఉంది. చాలా కుక్కలకు వెనక కాళ్ల మీద ధ్యాసే ఉండదు. ముందు కాళ్లు ఎటు పోతే అవీ అటు వస్తాయి, అంతే. అందుకని రోడ్డు సంగతి కొన్నాళ్లు మర్చిపోయి ఇంట్లో పీట తీయి. మీ అమ్మ పాతకాలం పీట, మూడు నాలుగు అంగుళాల ఎత్తుది, సరిగ్గా సరిపోతుంది. జారకుండా పైన గోనెపట్టా ముక్క బిగించు. ముందు కాళ్లు రెండూ పీట మీద పెట్టగానే మెచ్చుకో. అది అలవాటయ్యాక వాడికి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా పక్కకు ఒక అడుగు వెయ్యి. నిన్ను చూడటానికి వాడు వెనక కాలు ఒకటి జరుపుతాడు. కాలు లేచిన ఆ క్షణానే ‘శభాష్’ అని ట్రీట్ (చిన్న తిండి ముక్క) పెట్టు. కాలు కిందపెట్టాక ఇస్తే దేనికిచ్చావో వాడికి అర్థం కాదు.

ఆ తర్వాత వాడి కుడి పక్కన, అంటే నడకలో నువ్వుండే చోట నిలబడు. నువ్వు పీట చుట్టూ కొద్దికొద్దిగా ఎడమకు తిరుగుతుంటే వాడి నడుము నీ కాలి వైపు వచ్చి చేరాలి. ఇక్కడ ట్రీట్ ఏ చేత్తో ఇస్తున్నావన్నది చాలా ముఖ్యం. కుడి చేత్తో నీ పొట్ట ముందు నుంచి చాపి ఇస్తే వాడి తల నీ ముందుకొచ్చి నడుము బయటికి పోతుంది. అడ్డం పడటం అక్కడే మొదలవుతుంది. ఎడమ చేత్తో, నీ కాలి పక్కనే, వాడి మూతికి అవతలి వైపున ఇవ్వు. తల కాస్త అటు తిరుగుతుంది, నడుము దానంతటదే నీ దగ్గరికి వస్తుంది. పీట మీద పావు చుట్టు తడబడకుండా తిరిగేదాకా పీట తీయకు. తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ పని సగంలో వదిలేసిన కుక్కలే పెద్దయ్యాక కూడా మలుపులో గుద్దుకుంటాయి.

కుడి మలుపు ఇంత కష్టం కాదు. తిరగబోయే ముందు హుషారుగా ఒక మాట అను, నీ నడక మాత్రం ఆపకు. వాడి కోసం ఆగావంటే వెనకబడినా ఫరవాలేదని నేర్చుకుంటాడు. మలుపు తిరిగిన వెంటనే, రెండో అడుగులో, మోకాలికి కాస్త ముందుగా ట్రీట్ పెట్టు.

ఇక నీ సంగతి. కుక్క లీష్‌ను (మెడపట్టీకి కట్టే తాడును) కాదు, నీ ఒంటిని చూసి తిరుగుతుంది. ముందు తల, తర్వాత భుజం, ఆ తర్వాతే పాదం తిరగాలి, ప్రతిసారీ అదే వరసలో. బ్రూనో లేకుండా డాబా మీద నువ్వొక్కదానివే నడిచి చూసుకో. ఎవరైనా చూస్తారని సిగ్గుపడకు. లీష్ ఎప్పుడూ వదులుగా వేలాడుతుండాలి. మలుపులో లాగితే మెడ ఇటు వస్తుంది, నడుము అటు పోతుంది. లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్ ఇంట్లో ఉంటే తీసి అవతల పారెయ్యి, గొంతు గొట్టానికి దెబ్బ.

తర్వాత పెద్ద సున్నాలా ఎడమకు తిప్పు, రోజురోజుకీ చిన్నది చెయ్యి. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా నడిపిస్తే రెండు మలుపులూ ఒకేసారి వస్తాయి. ఐదు నిమిషాలు చాలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడకబెట్టిన చికెన్ శనగబద్దంత ముక్కలు చెయ్యి, ఆ మేరకు అన్నం తగ్గించు. ల్యాబ్రడార్‌కు తుంటి జబ్బులు ఎక్కువ. బాగా తిరిగేవాడు ఉన్నట్టుండి ఒక వైపుకు తిరగనంటే మొండికేశాడనుకోకు. గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి చూపించు.

వీధిలోకి దిగే రోజున మాత్రం నీ అదృష్టానికి వంక లేదు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అన్న లెక్కన చిరునామా చెప్పుకునే గుంటూరు బ్రాడీపేట మీది. మా విజయవాడ పటమటలో అన్ని లంబకోణపు మూలలు దొరకవు. తెల్లారకముందే వెళ్లు. గుంటూరు ఎండలకు సాయంత్రం ఆరైనా తారు చల్లారదు. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టు, నువ్వు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలకూ కష్టమే. మొదట్లో ఒక మూల తిరిగి, నాలుగైదు ఇళ్లు తిన్నగా నడిచి, మళ్లీ ఇంకో మూల. టిఫిన్ బళ్లు ఉండే మూలలు ఇప్పుడే వద్దు. వీధి కుక్కలు మీద మీదకు వస్తే ఆ పూటకు మలుపులు పక్కనపెట్టి, ట్రీట్లు చూపిస్తూ తిన్నగా ఇంటికి తెచ్చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య