విశ్వనాథ సత్యనారాయణ: పాఠాలు చెబుతూనే అంత ఎలా రాశారు, ఏది ముందు చదవాలి?

విశ్వనాథ 1895లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. బందరు హైస్కూల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యుడు. తర్వాత బందరు, గుంటూరు, విజయవాడ కాలేజీల్లో తెలుగు పాఠాలు చెప్పారు, కరీంనగర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశారు.

ఉద్యోగం చేస్తూ అంత రాయడానికి ఒక కారణం, చాలా నవలల్ని ఆయన కూర్చుని రాయలేదు, ఆశువుగా చెబుతుంటే పక్కవాళ్ళు రాసుకున్నారు. 'వేయిపడగలు' అలా పుట్టిందే. పద్యానికి మాత్రం ఆ తొందర లేదు. 'రామాయణ కల్పవృక్షం' మీద దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. 1970లో తెలుగుకి తొలి జ్ఞానపీఠం తెచ్చింది ఆయనే.

'వేయిపడగలు' కథానాయకుడు ధర్మారావు కూడా పాఠాలు చెప్పేవాడే. సుబ్బన్నపేట అనే ఊరు, అక్కడి గుడి, కోట, పొలాలు ఒక్కొక్కటిగా చెదిరిపోతుంటే అతను చూస్తూ ఉంటాడు. వేయి పడగల పాము ఆ పాత వ్యవస్థకి ప్రతీక. కులవ్యవస్థ గురించి అందులోని అభిప్రాయాలతో నేను ఏకీభవించలేను. అయినా ఆ ఊరిని ఆయన కళ్ళకి కట్టిన తీరు నన్ను ఎప్పుడూ కట్టిపడేస్తుంది.

కొత్తగా చదివేవాళ్ళు అంత పెద్ద నవలతో మొదలుపెట్టకండి. ముందు 'కిన్నెరసాని పాటలు' తీసుకోండి. అత్త పెట్టే బాధ తట్టుకోలేక అడవికి పోయిన కోడలు, భర్త కౌగిలిలోనే కరిగి వాగైపోతుంది. భర్త రాయైపోతాడు. మాటలు తేలిక, నిఘంటువు పెద్దగా అక్కర్లేదు. పైకి చదవండి, నీటి నడక వినిపిస్తుంది. తర్వాత 'ఏకవీర' నవల, ఆ తర్వాతే 'వేయిపడగలు'.