మార్చి వస్తోందంటే ఆయనకు నిద్ర ఉండదు

ప్రశ్న: మా ఆయన పరవాడ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఏడేళ్లుగా కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. జీతం 18 వేలు, ఈఎస్‌ఐ కట్ అవుతుంది. ఏటా మార్చి నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది, మళ్లీ పెట్టుకుంటారో లేదో చివరి రోజు దాకా చెప్పరు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచే ఆయనకి నిద్ర ఉండదు, చిన్నదానికే పిల్లల మీద కేకలేస్తారు. ఓవర్‌టైమ్ వద్దంటే పేరు తీసేస్తారని ఎంతసేపైనా ఉండిపోతారు. జ్వరం వచ్చినా డ్యూటీ మానరు. ఈమధ్యే బీపీ ఉందని తెలిసింది. అందరూ ధ్యానం చెయ్యమంటున్నారు. ఇది ఆయన మనసు బలహీనతేనా?
– ఒక సోదరి, అనకాపల్లి జిల్లా

జవాబు: బలహీనత కాదమ్మా. ఏప్రిల్ ఒకటిన పని ఉంటుందో లేదో తెలియని మనిషికి జనవరి నుంచి నిద్ర పట్టకపోతే అందులో ఆశ్చర్యం ఏముంది? ధ్యానం మంచిదే, చెయ్యొద్దని అనను. కానీ ఆయన టెన్షన్‌లో చాలా భాగం ఆ ఉద్యోగం ఏ రూల్స్ మీద నడుస్తోందో ఆ రూల్స్ తెచ్చిపెట్టిందే అని నా గట్టి నమ్మకం.

ముందు గంటల సంగతి. 2025లో మన రాష్ట్రంలో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చి రోజు పనిగంటల హద్దు 9 నుంచి 10కి, మూడు నెలల్లో చేయించగల ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144కి పెంచారు. వారానికి 48 గంటలన్నది మాత్రం అలాగే ఉంది, అందుకే పెద్దగా మారిందేమీ లేదని చెబుతుంటారు. ఆ 144ని 13 వారాలకు పంచి చూడండి, వారానికి 11 గంటలు, 48తో కలిపితే 59. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి, 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. అసలే బీపీ ఉన్న మనిషి.

ఓవర్‌టైమ్‌కి కార్మికుడు ఒప్పుకోవాలని కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టంలో, అంటే లేబర్ కోడ్‌లో, రాసే ఉంది. కానీ మార్చిలో తన పేరు ఉంటుందో లేదో తెలియనివాడు ‘నేను చెయ్యను’ అని ఎలా అంటాడమ్మా? నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. హక్కు కాగితం మీద ఉంటుంది, భయం దాన్ని వాడుకోనివ్వదు.

డెన్మార్క్‌లో మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం చాలా సులువు, మనకంటే కూడా సులువు. అయినా నిరుద్యోగ బీమా కట్టుకున్నవాళ్లకి, ఒక గరిష్ఠ మొత్తానికి లోబడి, పాత జీతంలో 90 శాతం దాకా, మామూలుగా రెండేళ్ల వరకు వస్తుంది, ఈలోపు కొత్త పని నేర్పించి వెతికి పెట్టడానికి ప్రభుత్వ కార్యాలయాలు ఉంటాయి. మనకి ఈఎస్‌ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. ఉద్యోగం పోతే సగటు వేతనంలో సగం, 90 రోజుల వరకు, అదీ జీవితంలో ఒక్కసారి. మీ ఆయనకి ఆ భయం ఏటా వస్తోంది.

ఇక మీరు చెయ్యగలిగినవి. జ్వరంతో డ్యూటీకి వెళ్లనివ్వకండి. ఈఎస్‌ఐ చందా సరిపడా రోజులు కట్టి ఉంటే (ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు), డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలి, అడగమనండి, ఒక్కరే కాకుండా తోటివాళ్లు నలుగురైదుగురు కలిసి అడిగితే ఒక్కరి పేరు బయటపడదు. ఏడాదికే గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం) అని విని ఉంటారు, అది కంపెనీ నేరుగా ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలమని గడువు రాసి, తీసుకున్నవాళ్లకి. కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ల లెక్క వేరు, మధ్యలో కాంట్రాక్టరు మారితే ఏడేళ్ల సర్వీసు నిరూపించుకోవడం కష్టం అవుతుంది, కాబట్టి పీఎఫ్ పాస్‌బుక్, జీతం స్లిప్పులు ఒక్కటి కూడా పారెయ్యకండి. ఒకవేళ కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే ఇవ్వాలి, చట్టం అలాగే చెబుతోంది.

నిద్ర పట్టని రాత్రుల్లో 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన చెయ్యనంటే మీరే చేసి ఆయన పరిస్థితి చెప్పండి. బీపీ మాత్రం ఫోన్ మీద తేలేది కాదు, ఈ వారమే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్లండి. వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారో, రోజూ ఎన్నింటికి పడుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి, అడిగితే ఆయన ‘బాగానే ఉన్నాను’ అనేస్తారు.