‘ఇండీ సిండీ’ని వరుస మార్చి వినండి

ఈ మధ్యే అమెరికన్ రాక్ బ్యాండ్ పిక్సీస్ పాటలు వినడం మొదలుపెట్టానని, విమర్శకులు అంతగా తిట్టిన వాళ్ల ఆల్బమ్ ‘ఇండీ సిండీ’ని వదిలేయవచ్చా అని అడిగారు. వదిలేయకండి. కాకపోతే మొదటి పాటతో మొదలుపెట్టకండి.

2013లో నేను బోస్టన్‌లో చదువుకునేవాణ్ణి. 1986లో ఆ బ్యాండ్ పుట్టిన ఊరే అది. ఆ ఏడాది జూన్‌లో బేస్ గిటార్ వాయించే కిమ్ డీల్ వెళ్లిపోయిందని తెలిసింది. రెండు వారాలకే వాళ్ల కొత్త పాట ‘బ్యాగ్‌బాయ్’ ఉచితంగా విడుదలైంది. వంటింట్లో గిన్నెలు తోముతూ ఫోనులో పెట్టుకున్నాను. వెనుక నుంచి సన్నని గొంతు ఒకటి వినిపించింది. సబ్బు చేతులతోనే ఫోను అందుకుని పాటను వెనక్కి జరిపాను. కిమ్ వెళ్లేముందు పాడి వెళ్లిందనుకుని ఆ ముక్కనే నాలుగైదుసార్లు విన్నాను. అది జెరెమీ డబ్స్ అనే గాయకుడి గొంతని తరువాత తెలిసింది. దగ్గరి మనిషిని రెండోసారి పోగొట్టుకున్నట్టు అనిపించింది.

ఈ ఆల్బమ్ మీద వచ్చిన కోపంలో సగం ఆ బాధేనని నా నమ్మకం. 1991 తరువాత అప్పటిదాకా వాళ్ల నుంచి ఆల్బమే రాలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన వాళ్లకు కిమ్ లేని పిక్సీస్ దొరికింది. పైగా సొంతంగా విడుదల చేసుకుంటూ, నాలుగేసి పాటలు మూడు విడతలుగా ఇచ్చి, 2014 ఏప్రిల్‌లో అవే 12 పాటలను ఆల్బమ్‌గా కూర్చారు. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి గాను మొదటి విడతకు 1, ఆల్బమ్‌కు 2.5 మార్కులు వేసింది. మొత్తంగా వినే అవకాశం రాకముందే తీర్పు వచ్చేసింది.

లోపాలు లేవనను. తొలి పాట ‘వాట్ గోస్ బూమ్’ నాకూ నచ్చదు, అందులో మోత ఎక్కువ, పాట తక్కువ. పాత ఆల్బమ్‌లలో ప్రధాన గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ గొంతు చించుకుంటుంటే పక్కన కిమ్ నింపాదిగా పాడేది. ఆ తోడు లేని వెలితి ఇక్కడ అడుగడుగునా తెలుస్తుంది.

అయినా ‘గ్రీన్స్ అండ్ బ్లూస్’ వినండి. ఫ్రాన్సిస్ అరవడు, బతిమాలుతున్నట్టు పాడతాడు. జోయీ సాంటియాగో గిటార్ ఆ గొంతును కనిపెట్టుకుని ఉంటుంది. తరువాత ‘మాగ్డలీనా 318’, ఆపైన ‘ఆండ్రో క్వీన్’. రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో అయితే ఇంకా మంచిది. ‘బ్యాగ్‌బాయ్’ని ఆఖరున పెట్టుకోండి.

‘సిల్వర్ స్నెయిల్’ మీకెలా అనిపించిందో తప్పకుండా రాయండి. ఆ పాట విషయంలో నేనింకా ఎటూ తేల్చుకోలేదు.